రాశి మీద బూటు అచ్చు

ఆ రోజుల్లో మా ఇంట్లో రోజుకు తక్కువలో తక్కువ నాలుగు వందల మంది చచ్చేవాళ్లు. పొద్దున చాయ్ తాగకముందే ఓ యాభై మంది, అన్నం వేళకు మరో రెండు వందలు, మిగతావాళ్లు సాయంత్రం కరెంటు ఉన్నదాన్ని బట్టి. చంపేది నేనే. పోలీసులు రాలేదు, ఇరుగుపొరుగు ఏడవలేదు. మా అమ్మ మాత్రం "గంత మందిని సంపినవు, జర చేతులు కడుక్కోని కూసో" అని కంచం పెట్టేది. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం లేక, ఆర్మూరులో మా ఇంటి ముందరి గదిలో కూర్చుని వీడియో గేమ్ తయారుచేస్తున్న రోజులవి. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. నాకు తెలియని విషయం ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదనే ధైర్యం నిండుగా ఉండేది. (ఆ ధైర్యం ఇప్పుడు ఎంత వెతికినా ఒంట్లో ఎక్కడా దొరకడం లేదు.)

నా ఆట పేరు 'పీనుగ లేచింది'. కథ చిన్నది. ఒకడు చచ్చిపోతాడు. పాడె మీద మోసుకుపోతుంటే పసుపు మార్కెట్ యార్డు దగ్గర లేచి కూర్చుంటాడు. దయ్యమనుకుని చుట్టాలంతా కర్రలతో మీదపడతారు. వాడు తుపాకి తీసి దొరికినవాణ్ని దొరికినట్టు కాల్చేసి, పసుపు రాశుల మధ్య నుంచి దారి చేసుకుంటూ ఇంటికి పోవాలి. ఇంటికి చేరేసరికి వాడి దినాల భోజనానికి వచ్చినవాళ్లు విస్తళ్ల ముందు కూర్చుని ఉంటారు. వాళ్లతో ఆఖరి యుద్ధం. (పాడె లేచిన రోజే దినాల భోజనం ఎట్లా అని అడక్కండి. ఆ సందేహం మాకు ఆట సగం అయ్యాక వచ్చింది.) ఇదంతా పైనుంచి కనిపిస్తుంది, మిద్దె మీద నిలబడి కిందికి చూసినట్టు. మనుషుల నడినెత్తులు, భుజాలు, అడుగు వేసినప్పుడు ముందుకు వచ్చే బూటు కొన, అంతే. మా బాపు, అంటే మా నాన్న, పసుపు, మక్కజొన్న పండించే మనిషి. ఒకసారి నా వెనక నిలబడి చాలాసేపు చూసి, "పాడె మీద తుపాకి ఎవడు వెట్టిండు రా?" అని అడిగాడు. నేను గంభీరంగా "గేమ్ లాజిక్ బాపూ" అన్నాను. "అంటె లాజిక్ లేదని ఇంగ్లీషుల జెప్తున్నవన్నట్టు" అని కల్లం దిక్కు వెళ్లిపోయాడు.

బొమ్మలు వేసింది నా దోస్తు. వాడు బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణంలో పనిచేసేవాడు కాబట్టి ఊరంతా వాణ్ని ఫ్లెక్సి అనే పిలిచేది. పుట్టినరోజులకూ, గృహప్రవేశాలకూ, చావులకూ వాడే బొమ్మలు కూర్చేవాడు. ఆ అలవాటు కొద్దీ మా ఆటలో చచ్చినవాళ్లంతా చేతులు జోడించి, చిరునవ్వుతో పడిపోయేవాళ్లు. ఎంత చెప్పినా మార్చలేదు. "సచ్చినోడు నవ్వకపోతె ఇంటోళ్లు పైసలియ్యరు రా" అనేవాడు. కానీ వాడు గీసిన యార్డు మాత్రం చూసి తీరాలి. పసుపు రాశులు ఎండలో మెరిసినట్టే మెరిసేవి. వాటిలో వాడు మరీ గర్వపడే పనితనం ఒకటుంది. మా వీరుడు రాశి మీదికెక్కి పరుగెత్తితే వాడి బూటు అచ్చులు, అడుగున ఉండే గీతలతో సహా, పసుపు మీద అట్లాగే ఉండిపోతాయి. ఆ అచ్చుల కోసం వాడు వారం రోజులు పనికి ఎగనామం పెట్టాడు. నేను దాన్ని గొప్ప కళ అన్నాను. ఇద్దరం పసుపు కల్లాల మధ్య పుట్టి పెరిగినవాళ్లమే, ఇద్దరికీ అందులో వంక ఏమీ కనిపించలేదు.

హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక చిన్న కంపెనీకి నేను ఈ ఆట వీడియో పంపాను. నెల తర్వాత వచ్చి ఆట మొత్తం చూపించమన్నారు. శబ్దాలు కూడా ఉండాలన్నారు. బాపు అప్పటికే నా పాస్‌పోర్టు తీయించి పెట్టాడు. పసుపు అమ్మేలోపు ఉద్యోగం దొరక్కపోతే మా పెద్దనాయన కొడుకు వెంట దుబాయి పోవాలని ఒప్పందం. తుపాకి చప్పుళ్లు ఎట్లాగో సంపాదించాను కానీ ఆటకు గొంతు లేదు. నెత్తి పట్టుకుని అటూఇటూ తిరుగుతూ మా బాపమ్మ చాటకు కాలు తగిలించాను. బాపమ్మ అంటే మా బాపు తల్లి, నలభై ఏళ్లుగా బీడీలు చేస్తున్న మనిషి. చాటలో ఉన్న తునికాకు, తంబాకు గడప దాకా చిమ్మింది. "నీ పీనుగెల్ల. కండ్లు నెత్తికెక్కినయా రా? నీ కాళ్లిరగ, నీ పాడెగట్ట, నిన్ను బొందవెట్ట" అని ఆమె ఊపిరి తీసుకోకుండా అందుకుంది. నేను ఆకులు ఏరడం మానేసి అట్లాగే నిలబడిపోయాను. పీనుగ, పాడె, బొంద, నా ఆట మొత్తం ఆమె నోట్లోనే ఉంది.

మా బాపమ్మకు నేనంటే ప్రాణం. ఆ ప్రాణమంతా తిట్లలోనే ఉండేది. పొద్దున లేపాలంటే "పొద్దు నెత్తి మీదికొచ్చె, నీ పీనుగెల్ల, లెవ్వు రా", అన్నం పెట్టాలంటే "నీ నోట్లె మన్నువడ, ఇంకో ముద్ద తిను", నాకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి "సచ్చినోడా, నిన్న వానల ఎవడు తడువుమన్నడు" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. అందుకే ఫోను ముందు పెట్టి, జర తిట్టు బాపమ్మా, రికార్డు చేసుకుంటానంటే వెంటనే ఒప్పుకుంటుందనుకున్నాను. ఆమె గొంతు సవరించుకుని, కొంగు సర్దుకుని, చాలాసేపు ఆలోచించి, "వస్తలేవు రా" అంది. "ఉత్తగ తిట్టుమంటె తిట్లెట్లస్తయి? నువ్వేమన్న జేస్తె గద." దాంతో రెండు వారాల పాటు నేను ఉద్యోగధర్మంగా నేరాలు చేశాను. ఆకు కత్తిరించే కత్తెర దాచాను. పాల మీద మీగడ తినేశాను. ఆమె కళ్లద్దాలు నేను పెట్టుకుని పడుకున్నాను. ఒకరోజు మేకను వంటింట్లోకి తోలాను. ప్రతి నేరానికీ ఫోను నా జేబులో వింటూనే ఉంది. మొత్తం నలభై మూడు తిట్లు దొరికాయి, ఒకటి ఉన్నట్టు ఇంకొకటి లేదు. వీరుడికి దెబ్బ తగిలితే "కండ్లల్ల దుమ్ము వడ్డదా రా", తూటాలు అయిపోతే "ఉన్నయన్ని ఊడ్సుక తిన్నవు గదరా", చచ్చిపోతే "నీ పీనుగెల్ల, గప్పుడే సచ్చినవా". ఆటకు ప్రాణం వచ్చింది.

ఫ్లెక్సి ఊరుకోలేక ఆటను నలుగురి ఫోన్లలో వేశాడు. నలుగురు నలభై మంది కావడానికి మా ఊళ్లో రెండు రోజులు చాలు. యార్డులో హమాలీలు బస్తా దించి బస్తా ఎత్తే లోపల ఇద్దర్ని చంపి వచ్చేవాళ్లు. చాయ్ బండి దగ్గర, బస్సుల్లో, మంగలి దుకాణంలో, ఎక్కడ చూసినా మా బాపమ్మ గొంతే. ఆమె దారిలో పోతుంటే "పొద్దుగాల్నుంచి పదిసార్లు తిట్టించుకున్న నీతోని" అని జనం నమస్కారం పెట్టేవాళ్లు. ఆమె నడకే మారింది. మా వీధిలో ఉండే పంతులుసారు ఒకరోజు ఇంటికొచ్చి, ఇంత రక్తపాతమా, శవాలతో పరాచికాలా, పిల్లల బుద్ధులు ఏమైపోతాయి, దీన్ని ఆపించకపోతే పెద్దవాళ్ల దాకా తీసుకుపోతాను అని మా బాపు ముందు గట్టిగానే అన్నాడు. బాపమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "సారూ, గవి ఉత్తుత్తి సావులు. సచ్చినోళ్లు నవ్వుకుంట పడుతుండ్రు, నీకేం బాధ? మీ బడిల పిల్లలు ఒకల్నొకలు తన్నుకునెటప్పుడు గీ ఆట ఉన్నదా?" అంది. ఆయన చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నా పక్షాన ఇంత పెద్ద వకీలు ఉండగా నాకు ఫికర్ ఏముంది అనుకున్నాను. అప్పటికి ఆమె ఆటను వినడమే తప్ప చూడలేదన్న సంగతి నాకు తట్టలేదు.

చూపించింది కాంట మామ. యార్డులో కాంట దగ్గర తూకం చూసే మనిషి, మాకు దూరపు చుట్టం. ఒకరోజు మధ్యాహ్నం ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చి, "అత్తా, నీ ఆట జూసినవా" అని ఆమె పక్కన కూర్చున్నాడు. నేను గర్వంగా గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాడె లేచింది, ఆమె నవ్వింది. చుట్టాలు వరసగా కూలుతుంటే, "గీ బట్టతలోడు అచ్చం మా మరిది లెక్కనే ఉన్నడు, వాన్ని ఇంకోసారి కొట్టు" అంది. ముప్ఫై మంది దాకా పోయారు, ఆమె ఒక్కరి కోసం కూడా అయ్యో అనలేదు. అప్పుడు మామ వీరుణ్ని పసుపు రాశి మీదికి ఎక్కించి, కావాలనే ఆపి, ఫోను ఆమె కళ్ల దగ్గరికి జరిపాడు. "గా అచ్చులేంది అల్లుడా?" అని ఆమె అడిగింది. "గదే సూపిద్దామని అచ్చిన. బూట్లు" అన్నాడు ఆయన. బాపమ్మ నా దిక్కు చూసింది. తిడుతుందనుకున్నాను. ఫోను ఇచ్చేసి, చాట ఒడిలోకి లాక్కుని, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున నేను నిద్రలో ఉండగా నెత్తి దగ్గర మెల్లగా ఒక మాట వినిపించింది. "మీరు చాయ్ తాగుతరా?" నేను ఉలిక్కిపడి లేచి, ఎవరో పెద్దమనిషి ఇంటికొచ్చాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. గదిలో ఉన్నది నేనూ, బాపమ్మా, ఆమె చేతిలో చాయ్ గ్లాసు. మధ్యాహ్నం "అన్నం తినుండ్రి" అంది. నేను చారు గ్లాసు తన్నినా "పర్వాలేదు, మీకు దెబ్బ తాకలే గద" అని తనే తుడిచింది. పుట్టిన దగ్గర్నుంచి నన్ను ఎవరూ అంతగా బాధపెట్టలేదు. సాయంత్రానికి తట్టుకోలేక ఆమె ముందు కూర్చున్నాను. నాలుగు వందల శవాలు నీకు కనిపించలేదు గానీ రెండు బూటు అచ్చులు కనిపించాయా అని అడిగాను. పైనుంచి చూసే ఆటలో కాళ్లు సరిగా కనిపించనే కనిపించవు, అవి చెప్పులో బూట్లో ఎవడు చూడొచ్చాడు అని వాదించాను. ఆమె నా మొహం చూడకుండా బీడీకి దారం చుడుతూ చెప్పింది. "పైకెల్లి సూసెటోనికి కనవడకపోవచ్చు. కింద ఉన్న పసుపుకు తెల్వదా? మీరు సదువుకున్నోళ్లు, మాకేం తెలుస్తది. మనుషులు ఉత్తుత్తియే, ఒప్పుకున్న. పసుపు ఉత్తుత్తిది ఎట్లయితది? నా గొంతు నాకు ఎన్కకియ్యుండ్రి." ఫోనులోకి పోయిన గొంతును ఎట్లా తిరిగివ్వాలో నేను చదివిన నాలుగేళ్ల చదువులో ఎక్కడా చెప్పలేదు.

హైదరాబాదు వెళ్లడానికి ఇంకా ఎనిమిది రోజులు. ఆ గొంతు తీసేస్తే నా ఆటలో మిగిలేది చేతులు జోడించిన శవాలు. ఉంచితే ఇంట్లో ఈ మర్యాదను బతికినన్నాళ్లూ భరించాలి. ఫ్లెక్సి మరో దారి చెప్పాడు, ఇంకో ముసలామెను వెతుకుదామన్నాడు. వాణ్ని తిట్టి పంపేశాను. (తిట్టాక గమనించాను, అది కూడా బాపమ్మ తిట్టే.) కోపం నాకు. పాతకాలపు మనిషి, కళ అంటే ఏం తెలుసు అని రెండు రోజులు గదిలో నాకు నేనే ఉపన్యాసాలిచ్చుకున్నాను. మూడో రోజు నడిమధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. కల్లంలో ఉడికించి ఆరబోసిన పసుపు ఉంది. తడిస్తే ఏడాది కష్టం పోయినట్టే. ఇంటిల్లిపాదీ పరుగెత్తాం. బాపు అందరికంటే ముందున్నాడు, ఒక చేతిలో తాడు, ఒక చేతిలో టార్పాలిన్ కవరు. ఆయన అంత పరుగులోనూ కల్లం అంచు రాగానే కాళ్లు విదిలించాడు. ఒక చెప్పు ఇటు, ఒక చెప్పు అటు ఎగిరి పడ్డాయి. అమ్మ చెప్పులు అక్కడే, బాపమ్మ చెప్పులు అక్కడే. కొమ్ములు కుప్ప చేసి, కవరు కప్పి, రాళ్లు పెట్టి, ఊపిరి పీల్చుకుని కిందికి చూసుకున్నాను. నా కాళ్లకు కూడా చెప్పుల్లేవు. ఎప్పుడు విడిచానో నాకు గుర్తు లేదు. నా కాళ్లకు తెలిసిన సంగతి నేను రాసిన ఆటకు చెప్పలేదన్నమాట. వానలో నిలబడి నాకు సిగ్గేసింది, నవ్వు కూడా వచ్చింది.

ఇంటికి రాగానే ఆటను విప్పి మళ్లీ కుట్టాను. ఇప్పుడు మా వీరుడు రాశి అంచుకు వస్తే ఆగుతాడు. తుపాకి పక్కన పెడతాడు, వంగుతాడు, రెండు బూట్లూ విప్పుతాడు. ఆ రెండు క్షణాలు వాడు ఎవర్నీ కాల్చలేడు, వాణ్ని మాత్రం ఎవరైనా కొట్టొచ్చు. వెంటపడేవాళ్లకూ అదే నియమం, రాశి దగ్గర అందరూ ఆగి చెప్పులు విడిచి మళ్లీ చంపుకోవాలి. ఫ్లెక్సి కడుపుమంటతో బూటు అచ్చులు చెరిపి వేళ్లతో సహా పాదాల అచ్చులు గీశాడు. వాడి పగ తీర్చుకోవడానికేమో ఇంకోటి కూడా కలిపాడు. వీరుడు విడిచిన బూట్లను అప్పుడప్పుడు ఎవడో ఒక చుట్టం ఎత్తుకుని పారిపోతాడు. అప్పుడు వీరుడు మిగతా యుద్ధమంతా ఒట్టికాళ్లతో చెయ్యాలి.

ఫోను తీసుకెళ్లి బాపమ్మ ముందు పెట్టాను. "చూడండి" అన్నాను, నాక్కూడా మర్యాద అంటుకుంది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. వీరుడు రాశి దగ్గర ఆగి, వంగి, ఒక బూటు విప్పాడు. రెండోది విప్పుతుండగా వెనక నుంచి బట్టతల చుట్టం వచ్చి నెత్తి పగలగొట్టాడు. ఫోనులోని బాపమ్మ "నీ పీనుగెల్ల, గప్పుడే సచ్చినవా" అంది. ఎదురుగా ఉన్న బాపమ్మకు మాత్రం మండిపోయింది. "చెప్పులిడుస్తాంటె కొడ్తడా వాడు? రాశి కాడ కొడ్తడా? వాని చేతులు వడిపోను, వాని దినాలు గాను, వాని కుండ వల్గ" అని కొత్తకొత్తవి అందుకుంది. అవి వదులుకోవడం ఇష్టం లేక నేను మెల్లగా ఇంకో ఫోను తీసి ఆమె మూతి దగ్గర పెట్టాను. ఆమె ఆగి, నా చెయ్యి తోసేసింది. "నీ పాడెగట్ట, గంత దగ్గర వెడ్తె ఊపిరెట్లాడుతది రా" అంది. ఆ 'రా' చెవిన పడగానే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏమైంది రా అని అడిగితే తంబాకు ఘాటు అని చెప్పాను.

హైదరాబాదులో ముగ్గురు కూర్చుని ఆట చూశారు. ఇట్లాంటి హింస వాళ్లు చాలా చూశారు, శవాల నవ్వుకు కూడా పెద్దగా కదల్లేదు. రాశి దగ్గర వీరుడు బూట్లు విప్పి, చచ్చిపోయి, తిట్లు తిన్నప్పుడు మాత్రం వాళ్లలో పెద్దాయన ఫోను లాక్కుని మళ్లీ ఆడాడు. బూట్లు పోయినప్పుడు కుర్చీలోంచి జారిపోయేటట్టు నవ్వాడు. ఇట్లాంటి ఆలోచన ఎట్లా వచ్చింది అని అడిగాడు. నేను ఏమాత్రం తడుముకోకుండా, మొదటి నుంచీ అదే నా ఉద్దేశం సార్ అని చెప్పాను. ఉద్యోగం వచ్చింది. పాస్‌పోర్టు ఇప్పటికీ మా బాపు పెట్టెలో కొత్తగానే ఉంది.

ఇదంతా జరిగి తొమ్మిదేళ్లవుతోంది. ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తారు. అందరూ సార్ అంటారు, మీరు తిన్నారా, మీరు బయల్దేరారా అని అడుగుతారు. ఆ మాట విన్నప్పుడల్లా, ఏదో తప్పు చేసినట్టు, ఒక్కసారి నా కాళ్ల దిక్కు చూసుకుంటాను. వాళ్లకు అది వింతగా ఉంటుందని తెలుసు, అలవాటు పోవడం లేదు.

మొన్న పసుపు కాలంలో ఇంటికి వెళ్లాను. బాపమ్మకు ఈ మధ్య మతిమరుపు పెరిగిందని, మనుషుల్ని పోల్చుకోవడం లేదని అమ్మ ఫోనులో చెబుతూనే ఉంది. నేను నమ్మలేదు, నన్నెట్లా మరిచిపోతుంది అనుకున్నాను. కారు దిగి, చేతిలో ఫోను చూసుకుంటూ, ఎవరికో జవాబు రాసుకుంటూ వాకిట్లోకి నడిచాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది, చేతిలో చాట లేదు. నన్ను నిదానంగా పైనుంచి కిందిదాకా చూసి, "మీరు ఎవలు సారూ? యాడికెల్లి వచ్చిండ్రు?" అంది. ఇన్నేళ్లు రాకుండా ఉద్యోగమని తిరిగినందుకు నాకు ఇది కావలసిందే అనుకున్నాను. అలవాటు కొద్దీ కిందికి చూశాను. వాకిలంతా కవరు పరిచి పసుపు ఆరబోసి ఉంది. నా బూట్లు రెండూ కొమ్ముల మధ్యలో ఉన్నాయి, వాకిలి అంచు నుంచి అక్కడి దాకా కవరు మీది పసుపు దుమ్ములో అచ్చులు, గీతలతో సహా.

వెనక్కి దిగి, ఒక్కొక్కటే బూటు విప్పి, అంచున పెట్టాను. ఆమె నేను విప్పినంతసేపూ ఓపికగా చూసింది. ఆ తర్వాత, "గిప్పుడు గుర్తువట్టిన. నీ పీనుగెల్ల, దా, చాయ్ తాగుదువు" అంది.